రాగి, కిలో మూడొందల నలభై

ఆకివీడు గేటు పక్కన నా పాతినప కొట్టుకి
ఏడుకొండలు మోసుకొచ్చి పడేసినప్పుడు
అవి మూడు రేకులు, ఒక కడియం, బోలెడు బురద.
ఉప్పుటేటి వైపు చేపల చెరువు తవ్వుతుంటే
పొక్లెయిన్ పంటికి తగిలాయట.
"రాగే ఖాజాబీ, ఇత్తడనకు."
కాటా మీద పెట్టాను.
కిలో మూడొందల నలభై.
బురదకి నలభై తీసేశాను. అది కొట్టు ధర్మం.

చింతపండుతో తోముదామని కూచున్నాను.
నలుపు వదిలిన చోట
విరిగిన జంతికల్లాంటి అక్షరాలు.
సైకిల్ చైను వెతుక్కుంటూ వచ్చిన
సోషల్ మాస్టారు ఏసుపాదం గారు
నా చేతిలోంచి చింతపండు లాగేసుకున్నారు.
ముప్పై ఏళ్లలో ఆయన ఎవరి చేతిలోంచీ
ఏదీ లాక్కోగా నేను చూడలేదు.

నాలుగు రోజులకి ఎవరిచేతో చదివించుకొచ్చారు.
వేంగి రాజు ఎవరో ఇచ్చిన పొలం.
ఎవరో అనడం ఎందుకంటే, పొక్లెయిన్ పన్ను
సరిగ్గా రాజు పేరులోంచి దూరింది.
తూర్పున పుట్ట, దక్షిణాన తాళ్ల వరస,
పడమట ఏరు, ఉత్తరాన ఇంకెవరిదో చేను,
సూర్యుడూ చంద్రుడూ ఉన్నంత కాలం.
"ఇప్పుడా పుట్టేదిరా?" అంటే
ఏడుకొండలు తన చేతులు చూసుకున్నాడు.

మాస్టారు బెంచీ మీద కూచుని లోకమంతా విప్పారు.
ఈ రేకు కొట్టిన రోజుల్లోనే, కాస్త అటూ ఇటూగా,
రోము ఊరిని చుట్టుముట్టిన వాళ్లు
వదిలిపెట్టడానికి అడిగినవాటిలో
మూడు వేల పౌన్ల మిరియాలున్నాయట.
ఎవరు తూచారని అడిగాను.
అది రాయలేదన్నారు.

పారశీక రాజు కిరీటం మెడ ఓర్వలేనంత బరువట,
కప్పు నుంచి గొలుసుకి వేలాడదీసి
దాని కింద తల పెట్టి కూచునేవాడని చెప్పుకుంటారట.
నవ్వొచ్చింది. నా పాత తక్కెడా అలాగే వేలాడేది
కరెంటు కాటా కొనేదాకా.
సముద్రానికి అవతల అక్సుం రాజులు
చిటికెన గోరంత బంగారు నాణెంలో
తల చుట్టూ గోధుమ కంకులు చెక్కించుకున్నారట.
మా వైపైతే వరి చెక్కుండేవారు.
చీనాలో ఉత్తరాన, రాణి కావాలంటే
చేత్తో విగ్రహం పోత పోయాలట.
మూస పగిలితే రాణి కాదు.
అది విని మాత్రం కాసేపు మాట్లాడలేదు నేను.
కోడలిగా వచ్చిన వారానికే మా మామ
నాతో సీసం కరిగించి చూశాడు.

"అంతమంది రాజులూ ఏమయ్యారండీ?"
"నీలాంటి కొట్లకే వచ్చుంటారు, ఖాజాబీ."

రెండో రేకు చివర ఒక ముక్కుంది.
పొలంతో పాటు నాలుగు కొంపలు,
వాటిలో ఉన్న పాలేళ్లనీ ఇచ్చేశారట,
నాగలి ఇస్తూ కాడి కూడా ఇచ్చినట్టు.
వాళ్ల పేర్లో?
మాస్టారు కళ్లజోడు తీసి తుడిచారు.
"పుచ్చుకున్నాయన గోత్రం ఉంది, తాత పేరుంది.
వాళ్లవి లేవు."
ఆయన తాత ఆ ఉప్పుటేటి గట్టు మీదే పాలేరు.

నా చిట్టా చూడండి మరి:
తిరుమాని ఏడుకొండలు, రాగి, కిలో మూడొందలు,
మొత్తం ముట్టింది, వేలిముద్ర.

మూడో రేకు నిండా శాపం.
ఈ నేల లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు
పెంటలో పురుగై పుడతాడని.
అప్పటిదాకా బీడీ ఆరిపోయినా
వేళ్ల మధ్యే ఉంచుకుని వింటున్న ఏడుకొండలు
నోరు విప్పాడు:
"నాది గంటకింతని కూలి. బండి భీమవరం వాళ్లది.
లీజు ఒకరిది, పట్టా ఇంకొకరిది.
పురుగెవరండీ?"
మాస్టారు ఏదో చెప్పబోయి
సైకిల్ చైను ధర అడిగారు.

రేకులు తాసిల్దారు ఆఫీసుకెళ్లాయి.
రశీదు ఇస్తే గాని కదలనన్నాను.
ఏమని రాయాలని అడిగాడు గుమాస్తా.
రాగి అని రాయమన్నాను.

చెరువుకి నీళ్లు పెట్టారు. రాత్రంతా
తాళ్ల వరస ఉండిన చోట ఏరియేటర్ల చప్పుడు.
ఆ నలభై గ్రాముల బురద మాత్రం
కాటా పళ్లెం మీద ఎండి బీటలిచ్చింది.
ఎవరి ఖాతాలో రాయాలో తెలీక అలాగే ఉంచాను.
రేపు పొద్దున్నే ఇనుము లోడొస్తుంది.
ఊడ్చాలి.