అంటు

తొంభయ్యారు దాకా వచ్చినట్టు గుర్తు.
నూరు నించి వెనక్కి లెక్కబెట్టమనింది డాక్టరమ్మ
రుయా ఆస్పత్రిలో, మూతికి గొట్టం పెట్టి.
నర్సరీలో మొక్కలు లెక్కబెట్టే రాగంలోనే మొదలుబెట్టినా.
తొంభయ్యయిదు నోట్లోకి రాలే.

నిద్రయితే ఒక చెవి మేలుకోనే ఉంటాది:
దామలచెరువు టేషన్లో రైలు కూత,
నడిజామున కరెంటొచ్చి మోటరు గురక,
పక్కన మనిషి దగ్గు.
ఇది నిద్ర కాదు.
మూడు గంటలు కోసి పారేసి
ఈ కొసా ఆ కొసా కలిపి కట్టేసినారు.
నడాన ఎవురూ లేరు.
నేను గూడా.

"మునిరత్నం! ఓ మునిరత్నం!"
"ఊ" అనింది ఒక గొంతు.
నాదేనన్నారు అందురూ.
చెంగమ్మ అంత బిన్నే నమ్మే రకం కాదు.
"పల్పు ఫ్యాక్టరీవోళ్ళు మనకెంత ఇయ్యాల?"
"పదకొండు వేల నాలుగునూర్లు."
"ఆయనే" అనేసి ఫ్లాస్కు మూత తిప్పింది.

ఆ లెక్క దానికీ తెలుసు గదా.
అంతమాత్రాన అది నేనవతాదా?

ముప్పయ్యేండ్లుగా నా పనే ఇది.
నాటు టెంక మొలిపించి
పెన్సిలు లావయినాక తల నరికి
చీలికలో బేనీషా పుల్ల దోపి
పట్టీ చుట్టి నీడన పెట్టేది.
నలభై దినాలకి ఎర్రాకు వస్తాది.
కిందోడు నీళ్ళు తాగతాడు, పైనోడు కాస్తాడు,
పేరు పైనోడిది.
ఒక్క చెట్టునన్నా ఆపి అడిగినానా
నువ్వెవురు అని?

ఇంటికొచ్చినాక కాఫీ సయించలే.
పుట్టి బుద్ధెరిగి ముట్టని మజ్జిగ మీదికి పోయింది మనసు.
అతుకు కింద చిగురేమో.
గిల్లేయాల్నో, వద్దో.

ఈ పొద్దు కల్లూరు దొరస్వామి ట్రాక్టరేసుకోని దిగినాడు.
"ఇన్నూట యాభై బేనీషా. ఆపరేషనుకి ముందర మాటిచ్చినావే!"
నాకు గేపకం లేదు.
నోటుబుక్కు తిప్పితే సగం వరస:
దొరస్వామి, కల్లూరు, బేనీషా
ఆడ ఆగుండాది పెన్ను.
మాటిచ్చినోడు వాడు.
మొక్కకి అయిదు రూపాయలు తగ్గించినోడూ వాడే,
తిక్కనాయాలు.

ఆ వరస పక్కనే 250 అని రాసినా.
సున్నా కొంచెం వంకర పోయింది.
ట్రాక్టరు వెనక తలుపు దించమన్నా.