ఎన్ని ఇంచులు

ఆ మాట రోజుకు ఇరవైసార్లు రాస్తాను.
అనంతపురం పెద్దాసుపత్రి ఎకో గదిలో
ఆకుపచ్చ కర్టెన్ వెనక
జెల్లీ పూసిన ఛాతీల మీద చెయ్యి ఆనించి
గుండెను బొమ్మగా చూసి, అంకెగా మార్చి,
కింద గీత గీసి
హార్ట్ ఫెయిల్యూర్ అంటాను.
ఇరవై మొహాలూ ఒకే తీరుగా ఆరిపోతాయి.

ఈ జిల్లాలో ఫెయిలంటే తెలియనిదెవరికి?
వాన ఫెయిలు. చెనిక్కాయ ఫెయిలు.
ఆరునూర్ల అడుగుల్లోంచి
తెల్లదుమ్ము చిమ్మిన బోరు ఫెయిలు.
ఫెయిలంటే
కేసింగు నోట్లో రాయి దోపి
తలకు చుట్టిన తువ్వాలు దులుపుకొని
వెనక్కి చూడకుండా ఇంటికి రావడం.

నిన్న ఉరవకొండ నుంచి ఫకీరప్ప వచ్చినాడు.
మోటారు వైండింగు పని, ముప్పై ఏండ్లు.
గోళ్ల సందుల్లో వార్నీషు,
బొటనవేలి మీద రాగితీగ కోసిన సన్నటి గీతలు.
పాదాలు ఉబ్బి పట్టని చెప్పుల్ని
చేతిలో పట్టుకొని వచ్చినాడు.
మూడు రాత్రులుగా
గోడకానుకొని కూర్చున్నదే నిద్ర.

తెర మీద గుండె
నానిన తోలుసంచి మాదిరి మెల్లగా కదిలింది.
ముప్పై, అన్నాను.
"నూటికా?" అంది భార్య హంపమ్మ.
నూటికే.
"ముప్పై ఐదొస్తేనే గదమ్మా పాసు!"
కొంగు నోటికి అడ్డం పోయింది.

నూటికి నూరు ఎవరికీ రావమ్మా,
మంచి గుండెకే అరవై, అన్నాను.
ఆగిపోయిందని కాదు అర్థం, అన్నాను.
బలహీనపడింది, అన్నాను.
ఒక్కో మాటా పాఠ్యపుస్తకంలోంచి ఊడి
నేల మీద పడింది. ఎవరూ ఏరుకోలేదు.

ఫకీరప్ప గుండీలు పెట్టుకుంటా
తెర వైపు తల తిప్పినాడు.
"ఎన్ని ఇంచులు పోస్తాంది మేడమా?"

నాకు అర్థం కాలేదు.

"రెండున్నర పోయాల్సింది
ఒకటింబావు పోస్తాదనుకో.
మోటారు తిరుగుతానే ఉంటాది. మోత వస్తానే ఉంటాది.
గట్టు మీద నిలబడినోనికి అంతా బాగుండాదనే అనిపిస్తాది.
కడ మడికి మాత్రం తడి అందదు.
అదే గదా మీరు చెప్పేది?"

అదే.

మరి కాళ్ల వాపు, అని అడిగినాను,
పరీక్ష పెట్టినట్టు.
"పారనిది నిలుస్తాది గదా," అన్నాడు.
ఆరేండ్లు బట్టీ పట్టిన పేజీ
మూడు మాటల్లో అయిపోయింది.

"బోరు ఫెయిలు వేరే, మోటారు ఫెయిలు వేరే.
బోరు పోతే రాయి మూయాల్సిందే.
మోటారు కాలితే నాకాడికి తెస్తారు,
పాత తీగ ఊడబీకి కొత్తది చుడతా.
మునపటంత లాగదు. లోడు తగ్గించుకోమంటా,
వోల్టేజి లేనప్పుడు వేయొద్దంటా.
అట్ల పదేండ్లు లాగినవి ఉండాయి.
నాది యాది?"

రెండోది, అన్నాను.
ఆయన మొహంలోకి కరెంటు వచ్చింది.
వెంటనే నిజం చెప్పాల్సొచ్చింది:
తీగ మార్చడం మాకు రాదు, ఫకీరప్పా.
లోడు తగ్గించడమే వచ్చు.

ఉప్పు తగ్గించు. మాత్రలు మానొద్దు.
నీళ్లు కొలిచి తాగు, రోజుకు లీటరున్నర.
ఈ జిల్లా మనిషికి
నీళ్లు తగ్గించమని చెప్పేటప్పుడల్లా నాకు సిగ్గే.
"సంగట్లోకి ఊరిబిండి?" అంది హంపమ్మ.
నేను మాట్లాడలేదు.
"సరే లేమ్మా, నేనే దాపెడతా."

రిజిస్టరుకు ఇంచులు తెలియవు.
అందులో మళ్లీ అదే మాట రాసినాను.
హంపమ్మ చేతి చీటీ మీద మాత్రం,
మాత్రల పేర్ల కింద, పెన్సిలుతో:
మోటారు. బోరు కాదు.
ఆమెకు చదువు రాదు.
మడిచి రవికలో పెట్టుకుంది.

వాకిట్లో ఫకీరప్ప నిలబడిపోయినాడు.
ఆయాసమేమో అనుకొని లేచినాను.
తల పైకెత్తి, ఒక చెవి వాల్చి,
నేను ఛాతీల మీద వినేటట్టే వింటున్నాడు.
"ఆ ఫ్యాను బేరింగు అరుస్తాంది మేడమా.
ఇంగో నెల.
ఎవరికన్నా చూపించండి."

ఏడాదిగా ఆ ఫ్యాను కిందే కూర్చుంటున్నాను.
ఇరవై ఒకటో మనిషి వచ్చేదాకా
కుర్చీలో కదలకుండా
దాన్నే విన్నాను.