అనుభవదారు

ముప్పై ఏండ్ల ఈసీ చాలదు నాకు.
ఇంకా వెనుకకు పోవాలె.
డెబ్బై ఎనిమిది పహాణీ,
యాభై నాలుగు కాస్రా,
దాని వెనుక సేత్వార్, ఉర్దూల ఉంటది.
మండిబజార్ల ఖలీల్ సాబ్ భూతద్దం పెట్టి చదివి
చాయ్ తాగినంక చెప్తడు:
"తాత పేరు సరిగనే ఉంది సారంగపాణీ,
ఇంటిపేరు చెదలు తిన్నయ్."

మా నాయిన కొత్తవాడల జంపఖానలు నేసెటోడు.
పోగు తెగితే ముడేసి
ఆ ముడి కానరాకుండ పైనుంచి ఇంకో పోగు తెచ్చేటోడు.
నేను ఆయన కొడుకునే గని
నా బతుకంత ఆ ముడి దేవులాడుడే.

నలుగురు దిగిండ్రు హైదరాబాద్ నుంచి.
తెల్ల బండి, టైర్లకు ఎర్రమట్టి.
రింగురోడ్డు గీత పడ్డకాడికెల్లి
వాళ్ళకు ఊళ్ళ పేర్లతోని పని లేదు,
దామెర దాటినంక అన్నీ కిలోమీటర్లే.
చెడ్డోళ్ళు కాదు.
ఒకాయనకు షుగరు, బిస్కెట్ల పాకెట్టు నా దిక్కు జరిపి
"పాణీ, క్లియరేనా?" అంటడు,
రక్తపరీక్ష కాగితం పట్టుకొని డాక్టర్ను అడిగినట్టు.

నాలుగు వందల పదకొండు బై ఆ.
ఎకరం ముప్పై గుంటలు.
విరాసతు ఉంది, భాగపంపకం ఉంది, నాలా ఉంది,
రైతుబంధు పడ్డ బ్యాంకు బుక్కు సుత ఉంది.
ఒక్క డెబ్బై ఎనిమిదిల
అనుభవదారు గడిల
"లసుమవ్వ, భర్త మొండయ్య, పన్నెండు గుంటలు."
ఎనభై ఎనిమిదిల ఆ పేరు మీద అడ్డగీత.
అమ్మినట్టు లేదు.
ఇచ్చినట్టు లేదు.
సచ్చిపోయినట్టు సుత లేదు.
గీత గీసినోని సంతకం లేదు.

ఆ ముక్క రిపోర్టుల రాయాల్నా వద్దా అని
వీధిల కుక్కలు సద్దుమణిగేదాంక కూసున్న.
రాసిన.
"పన్నెండు గుంటలకు హక్కు విడుదల పత్రం కానరాలేదు."
రాసినంక ఛాతి జర వెడల్పయింది, దాసుడెందుకు.

తెల్లారి బేరం ఆగలే.
షుగరాయన నా కాగితం బల్ల మీద పరిచి
నా వాక్యం మీద వేలు పెట్టి
పట్టాదారుతోని అన్నడు:
"లోపమున్నది. ఎకరానికి పదకొండు లక్షలు దించు."
తొమ్మిదికి తెగింది.
చేతులు కలుపుకున్నరు.
లసుమవ్వ చెలక ఇంకోపారి పోయింది,
ఈసారి నా చేతిరాతల.
ఫీజు మీద రెండు వేలు పెట్టి
"మంచిగ పట్టినవ్" అన్నరు.
తీసుకున్న.

సుంకరి ఓదెలును అడిగితే
ఎనుమాముల మిర్చి యార్డుకు తోలిండు.
ముక్కుకు కొంగు కట్టుకొని
బస్తాల సందుల రాలిన కాయలు ఊడుస్తున్నది,
డెబ్బై దాటినట్టుంది.
జిరాక్సు చూపిచ్చిన.
"నా పేరేది బిడ్డా?"
వేలు పట్టి గడి మీద పెట్టిన.
"గిదా? గింత సన్నగనా?"

వెయ్యిన్ని నాలుగు వందల యాభై రెండు గజాలని చెప్పిన.
ఆ లెక్క ఆమెకు ఎక్కలే.
"ఒక్క పూట నాగలి," అన్నది,
"పొద్దు నడినెత్తికి రాకముందే ఒడిసేది.
మొండయ్య గడ్డనిండ జొన్నలేసిండు ఒక్కేడు.
పిట్టలకే సరిపోయినయ్."
నవ్వింది.
కోర్టంటె ఎన్ని పైసలయితయో అడగలే.
నేను సుత చెప్పలే.
చెప్పాలనే పోయిన.

"ఈ కాయితం నా దగ్గరుంటె ఎవలన్న ఏమన్నంటరా?"
"అనరు. ఉంచుకో."
మడిచి చిక్కంల పెట్టుకున్నది.
ఆమె వేలు పడ్డ గడి
కారం అంటి ఎర్రగయ్యింది.

అప్పుడే ఫోను.
షుగరాయన.
"పాణీ, ఇంకో నంబరు పంపిన, మాదన్నపేట దిక్కు,
సాయంత్రం కల్లా చూసి చెప్పు."
మిరపఘాటుకు గొంతు పట్టింది,
రెండు కండ్లు కారుతున్నయ్.
"ఏమైందివయా?"
"ఏం లేదు సార్,
యార్డుల ఉన్న."