లోపలి ఫారం

హార్లింగెన్ రేవులో మూడో రోజూ ముసురే.
పడవ బీమా దరఖాస్తు ముందు ఫ్రౌకె.
కళాసీల పేర్లు ఒక్కొక్కటే ఎక్కిద్దామని
‘చేర్చు’ నొక్కినప్పుడల్లా
పేజీ అంతా ఎర్రబడి గద్దిస్తోంది:
మరణించిన తేదీ తప్పనిసరి.

తేదీ ఎవరికి తెలుసు?
సముద్రం ఇంకా చెప్పందే.

ఆ రాత్రి డౌవె జావా కోడు విప్పి
ఫారం కడుపులో ఇంకో ఫారం కుట్టాడు.
రెండుసార్లు ఊడింది. కాఫీ చల్లారింది.
ఇప్పుడు లోపలి బటన్
లోపలి గళ్లనే అడుగుతుంది,
బయటి ఖాళీల జోలికి పోదు.

పొద్దున్నే ఆమె ఐదు పేర్లూ చేర్చింది.
ఐదోది వాళ్లాయనది,
స్పెల్లింగు సరిచూసి మరీ.
పేజీ ఏమీ అనలేదు.

అట్టడుగున పెద్ద బటన్, ‘సమర్పించు’.
అది లోపలా బయటా అన్నీ అడుగుతుంది.
మౌస్ దాకా వెళ్లిన చెయ్యి
కోటు జేబులోకి పోయింది.