నూట ఇరవై ఐదో వంతు

మైనస్ పద్దెనిమిది.
కెమెరా బ్యాటరీని చంకలో పెట్టుకుని
గుడ్డులా పొదుగుతున్నాను.
సిక్స్‌టెన్ నిచ్చెనని కంచెకి ఆనించి
"ఇవాళ రాదేమో" అంటాడు.
రోజూ అదే మాట. రోజూ అది వస్తుంది.

ముందు చప్పుడు, నదికి ఆవలి నుంచి.
ఈల కాదు, గర్జన కాదు,
తిరగలి తిప్పుతూ ఎవరో
కూనిరాగం తీస్తున్నట్టు.
ఆ తర్వాతే పొగమంచులోంచి
రెండు దీపాలు.

జెట్ అయితే సులువు.
ప్రొపెల్లర్ మాట వేరు.
సెకనులో వెయ్యో వంతులో నొక్కావా,
ఆరు రెక్కలూ గాల్లో బిగుసుకుపోతాయి,
ఇంజను ఆగిపోయి
పడటానికి సిద్ధంగా ఉన్నట్టు.
అలాంటి ఫొటోని సిక్స్‌టెన్ "శవం" అంటాడు.
నూట ఇరవై ఐదో వంతు కావాలి.
అప్పుడు రెక్కలు కరిగి
పల్చటి పళ్ళెమవుతాయి,
వెనకనున్న ఫర్ చెట్లు అందులోంచి కనిపిస్తాయి.
కాని అంతసేపూ చెయ్యి వణకకూడదు.
అంతసేపు!
నాకు అరవై తొమ్మిదేళ్ళు.

ముప్ఫై ఒక్కేళ్ళు టపా బల్ల ముందు నిలబడ్డాను.
దీని కడుపులోంచి దిగిన సంచులు
తెల్లారకముందే నా ముందు బోర్లించేవారు.
చేపల్లా చల్లగా ఉండేవి ఉత్తరాలు.
చేతిరాత చూసి మనిషిని చెప్పేదాన్ని.
హెడ్విగ్ నూర్డ్‌లండ్ గారు
పశువుల డాక్టరుకి నెలనెలా రాసే లావుపాటి కవరు,
కుక్క పోయాక కూడా ఆగలేదది.
తర్వాత తర్వాత ఉత్తరాలు పలచబడ్డాయి.
ఇప్పుడన్నీ బూట్ల డబ్బాలు,
సగం, కొలత కుదరక వెనక్కి పోయేవే.

దీన్లో ఒకప్పుడు మనుషులు కూర్చునేవారు.
నేనూ కూర్చున్నాను, ఒక్క ప్రయాణం,
తొంభై మూడు నవంబరులో,
ఎడమ చెవి ఆపరేషనుకి స్టాక్‌హోం వెళ్తూ.
ఆరో కిటికీ.
పోయేటప్పుడు ఒక ఇంజనే విన్నాను.
తొమ్మిది రోజుల తర్వాత, కట్టు విప్పాక,
వచ్చేటప్పుడు రెండు.
ఏడుస్తుంటే ఎయిర్‌హోస్టెస్
భయపడుతున్నానేమో అనుకుని
నిమ్మ బిళ్ళ ఇచ్చింది.

సరుకుల విమానంగా మార్చినప్పుడు
కిటికీలకి రేకులు బిగించి తెల్లరంగు పూశారు.
మధ్యాహ్నమైతే ఏమీ తెలియదు.
ఫిబ్రవరి పొద్దు ఇలా అడ్డంగా పడితే మాత్రం
వాటి అంచులు తేలతాయి,
జబ్బ మీద టీకా మచ్చల్లా.
ముందు నుంచి లెక్కపెడతాను.

సంచులు దించే రోబెల్
చేతులు రుద్దుకుంటూ కంచె దాకా వచ్చాడు.
అస్మరాలో వాళ్ళ నాన్న మెకానిక్ అట,
విమానాల గురించి మాతో మాట్లాడటం అతనికిష్టం.
"సోమవారం నుంచి లారీ," అన్నాడు ఇవాళ.
"దీన్నేం చేస్తారు?"
భుజాలెగరేశాడు.
"ముక్కు మాత్రం మ్యూజియంకి అంటున్నారు."
ముక్కు మాత్రం!
సిక్స్‌టెన్ ఫ్లాస్కు మూత తీసి,
కాఫీ పోయకుండానే మళ్ళీ బిగించాడు.

అది కదిలింది.
చంకలోంచి బ్యాటరీ తీసి వేశాను,
నిచ్చెన మూడో మెట్టెక్కాను,
ఊపిరి బిగబట్టాను.
నొక్కాను.

తెర మీద చూస్తే,
పదునుగా వచ్చింది కంచె తీగ ఒక్కటే,
దాని మీది మంచు ముళ్ళతో సహా.
వెనక తెల్లటి అలుకు, రెండు బూడిద వలయాలు.
కిటికీ లేదు, పేరు లేదు, నంబరు లేదు.
సిక్స్‌టెన్ కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి
చాలాసేపు చూశాడు.
శవం అనలేదు.
"ఇంకా గురువారం, శుక్రవారం ఉన్నాయిగా," అన్నాడు.

నిచ్చెన కాళ్ళు మంచులో దిగబడ్డాయి.
లాగుదామని వంగినవాణ్ణి చేత్తో ఆపి
ఎడమ చెవి నదివైపు తిప్పి నిలబడ్డాను.
రెండు ఇంజన్లు.
చాలాసేపు రెండు.
తర్వాత ఒకటి.
తర్వాత సిక్స్‌టెన్ దగ్గు.