బాణం లేని మనిషి

సాల్మియాలో అమెరికా బడి. ఫిబ్రవరి.
రెండో అంతస్తు నడవాలో నాలుగో క్లాసు పిల్లోళ్లు
వాళ్ల దేశపు మొదటి పెద్దాయన్ని అట్ట మీద అతికించినారు.
జుట్టుకు దూది.
ఏసీ గాలికి రోజూ పిసరంత రాలతాది,
నేను చిమ్ముతా.
మొదట్రోజు పారేసినా. రెండోరోజు మనసొప్పక
మైదా ఉడికించి తెచ్చి అంటించినా.
ఎవురి నెత్తి అయితేనేం, బోడి కాకూడదు గదా.

పక్కనే కుటుంబం బొమ్మ.
బల్ల చుట్టూ ఆయన, పెండ్లాము, ఇద్దరు పిల్లోళ్లు.
ఆయనకు పుట్టినోళ్లు కాదంట, ఆయమ్మ మనవలంట.
ఒక్కొక్కరికి ఎర్ర స్కెచ్చుతో బాణం,
బాణం చివర పేరు.
తెర పక్కన మసకలో ఇంకో మనిషి నిలబడినాడు,
చెయ్యి చొక్కాలో దోపుకొని,
ఎప్పుడు పిలుస్తారో అన్నట్టు.
ఆయనకు బాణం లేదు.

లైబ్రరీలో ఫిలోమినా మేడంని అడిగినా.
నెల్లూరామె. లావు బుక్కు తిప్పింది, రెండు రోజులు తిప్పింది.
"ఈయన పేరు ఖాయంగా ఎవరికీ తెలీదు మాబున్నీ.
ఆ ఇంట్లోనే పనిచేసిన ఒక పిల్ల పేరుంది. ఓనా.
అయ్యా అమ్మా అన్నం తింటా ఉంటే
వాకిలి దాటి పోయి ఓడెక్కింది.
పేపర్లో వేయించినారు. కండ్లు ఎట్లుంటాయో,
మొగాన మచ్చలు ఎట్లుంటాయో అన్నీ రాసి,
పట్టిస్తే పది డాలర్లని."
"దొరికిందా?"
"దొరకలా. అట్లని విడుదల కాయితమూ లేదు, చచ్చేదాకా."

చీపురు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నా.

జహ్రాలో నేను వాకిలి దాటింది
వాళ్లు మచ్బూస్ పళ్లెం చుట్టూ కూచున్నప్పుడే.
కోడి ముక్కలు లెక్కపెట్టి వండించే ఇల్లు అది.
అరబ్బీ పేపర్లో నా ఫోటో పడింది, స్టాంపంత.
మావోళ్ల మాటలో, ఖల్లివల్లి.
మూడేండ్లు. ఆనక క్షమాభిక్ష అన్నారు.
ఎవురు ఎవుర్ని క్షమించినట్టో ఇప్పటికీ తెలీదు,
పెట్టమన్న చోట సంతకం పెట్టినా.

గురువారం బస్సులన్నీ పొయినాక
చిమ్మిన దుమ్ములో ఎర్ర స్కెచ్చు దొరికింది.
తెర పక్కన మనిషికి బాణం గీసినా.
చెయ్యి వణికి వంకర పోయింది.
చివర ఏం రాయాల?
నాకొచ్చింది తెలుగు. ఆయన పేరు
ఏ భాషలోనూ తెలీదు.
ఖాళీగా వదిలేసినా.

ఆదివారం వచ్చి చూస్తే
పెద్దాయన నెత్తి మళ్లీ పలచబడింది.
నా బాణం చివర ఎవురో పిల్లోడు
చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఏందో రాసి,
కొట్టేసి, మళ్లీ రాసినాడు.
ఫిలోమినా మేడం పదింటికి గానీ రాదు.
మైదా గిన్నె తీసినా.