తెర వీపు

దర్బారు తెర చూద్దామని వచ్చేరు మీరు,
భువనేశ్వరం నుంచి, ఇద్దరు మనుషులు, ఒక కెమెరా.
తవిటయ్య గారి స్తంభాలు, తవిటయ్య గారి నెమళ్ళు,
మెట్ల మీద ఎర్ర తివాచీ.
పది బారల దూరం నుంచి చూస్తే
కాలు పెట్టబుద్ధేసేదిట.
అందరూ అనేవారు. నేను చూసింది తక్కువ.
నేను తెర లాగేవాణ్ణి.
నా చోటు వెనకాల.

పన్నెండేళ్ళ గుంటణ్ణి. తాడు అరచెయ్యి కోసేసేది.
రాత్రి పదికి మొదలెడితే
గుణుపురం చిన్నరైలు కూతేసేదాకా
నా ఎదురుగా ఉన్నది తెర వీపు.

ఆ వీపు నీలాచలమ్మది.

గుడ్డ కుట్టింది ఆవిడ.
చింతగింజలు వేయించి, నానేసి, రుబ్బి, ఉడికించి
గంజి పట్టించింది ఆవిడ.
సుద్ద, గేరుమట్టి, ఇంగిలీకం, నీలిమందు
నూరి, చిప్పలకెత్తి
ఆయన కుడిచేతి పక్కన పెట్టిందీ ఆవిడే.
ఆయన సంతకం చేసి లేచేక
చిప్పల్లో రంగు మిగులుతాది కదా.
"పారబొయ్యకు" అనేవాడు, పిసినారి.
పారబొయ్యలేదు.

ఏటి గీసింది అంటే చెప్పలేను.
మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడు లేడు.
ఒక గుండ్రం, అంచు నానిపోయినట్టు.
దాని మీదికి ఒరిగిన నల్లటి పలక.
మూడు గీతలు: రెండు దగ్గర దగ్గరగా,
ఒకటి అలిగినట్టు ఎడంగా.
కిందంతా పసుపు. ఎందుకంత పసుపో.
చూస్తున్నంతసేపూ ఆకలి గుర్తొచ్చేది కాదు నాకు.

రాజు వేషగాడు చుట్ట ఆర్పి
"ఇదేట్రా?" అనడిగితే
"రంగు పరీక్ష" అన్నారు తవిటయ్య గారు.
ఆడవేషం కట్టే పైడిరాజు మాత్రం
వడ్డాణం బిగించుకుంటా
"ఏడుపు సీనుకి ముందు దీని దగ్గరే నిలబెట్టండి నన్ను" అనేవాడు.

కలకత్తాలో బొమ్మలు నేర్చిన దివాను గారబ్బాయి
పారిస్ పత్రిక ఒకటి తెచ్చేడోసారి.
మగవాళ్ళంతా మూగేరు. ముక్కలు ముక్కలు మొహాలు,
చతురాలు, కోణాలు. ఆహా అన్నారు.
ఆవిడ గుమ్మంలోంచే మెడ చాపి చూసి
"వీళ్ళకి గంజి కుదర్లేదు" అంది,
పొయ్యి దగ్గరికి ఎల్లిపోయింది.

చిరుగు కుట్టడానికి వచ్చినప్పుడు అడిగేను.
అమ్మా, ఇది ఏటి?
నోట్లో దారం. చాలాసేపు పలకలేదు.
"ఏటీ కాదురా.
ఏటీ కాకుండా ఉండ్డానికే ఇన్నాళ్ళు పట్టింది."
మళ్ళీ రెండడుగులు వెనక్కేసి
"ఆ నలుపు బరువెక్కువైంది" అంది.
మర్నాడు రాత్రి చూద్దును గదా,
నలుపు జానెడు కిందికి జరిగి ఉంది.
గుండ్రానికి ఊపిరాడింది.
పతకం మదరాసు నుంచి వచ్చింది. ముందు వైపుకి.

ముప్పయ్యారులో ఎవరో కాగితం మీద గీత గీసేరు.
మేం ఒరిస్సాలో పడ్డాం,
ఆవిడ పుట్టిల్లు పాతపట్నం అటుపక్క పడింది.
"చేతకాని గీత" అందిట. అంతే.
తవిటయ్య గారు పోయేక ఆవిడకి రంగు ఎవరిస్తారు?
పిండితో, మసితో వేసేది. వానకి పోయేవి.

ఇప్పుడు మీరు దీనికి వెనకాల
కొత్త గుడ్డ అతికించేస్తారటగా, గట్టిగా ఉండాలని.
కానీండి.
ముందు ఒక్కసారి తిప్పండి.
నెమ్మది, పెచ్చులూడతాది.
ఆ మూల నువ్వు పట్టుకో అమ్మా, అబ్బాయి కాదు.
చూసేవా, నలుపు మునుపున్న చోటు
ఇంకా లీలగా కనపడతంది.
కెమెరా తరవాత.
కాసేపు ఊరికే నిలబడండి ఇక్కడ,
పిలుపొచ్చేదాకా.